షీ-రా ఒక వరసలో, హోర్డాక్ ఇంకో వరసలో

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివాను, కొన్ని పేజీలు మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. ఎనభైల నాటి అమెరికన్ యాక్షన్ కార్టూన్లు, వాటితో పాటు కొట్లోకి వచ్చిన బొమ్మలు, వాటిలో ఏవి అబ్బాయిలకు ఏవి అమ్మాయిలకు అని కంపెనీలు ఎలా గీత గీశాయి అన్నది చాలా మంచి విషయం. దాన్ని వదలకు. కానీ నువ్వు మొదటి పేరాలోనే "పితృస్వామ్యం", "కార్పొరేట్ కుట్ర" అని రెండు పెద్ద మాటలు వేసేసి, మిగతా పది పేజీలూ వాటికి ఆధారాలు ఏరుకుంటూ పోయావు. నీ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది ఆ కోపం. అయితే ఆ మాటలు చదవగానే పాఠకుడు ఇక వీడేం చెప్తాడో నాకు తెలుసులే అనుకుంటాడు, అలా అనుకున్నవాడు బొమ్మ వైపు చూడడు. నువ్వు అతన్ని బొమ్మ వైపు చూసేలా చెయ్యాలి. ముందు డబ్బా, అట్ట, అచ్చు, యాడ్, కొట్లో ఏ వరసలో పెట్టారు అన్నది. కోపం వాటి వెనక దానంతట అదే వస్తుంది.

నన్నడిగితే నీ వ్యాసం షీ-రా కార్టూన్‌లో విలన్ హోర్డాక్ దగ్గర మొదలవ్వాలి. నువ్వతన్ని ఏడో పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు.

మ్యాటెల్ కంపెనీ హీ-మ్యాన్ అనే కండల వీరుడి బొమ్మల్ని 1982లో దించింది, ఫిల్మేషన్ స్టూడియో తీసిన కార్టూన్ 1983 సెప్టెంబరులో మొదలైంది. అబ్బాయిల కోసమని చేసిన ఆ కార్టూన్‌ని అమ్మాయిలు కూడా కూర్చుని చూస్తున్నారని తెలిశాక 1985లో హీ-మ్యాన్‌కి కవల చెల్లెలు పుట్టింది, షీ-రా. కథ నీకు తెలిసిందే: పసిపిల్లగా ఉన్నప్పుడు హోర్డాక్ ఎత్తుకుపోయి పెంచుతాడు, పెద్దయ్యాక తను ఎవరో తెలుసుకుని అతని మీదే తిరగబడుతుంది. అంటే కార్టూన్‌లో షీ-రాకి అసలు శత్రువు హోర్డాక్, ఆమె బాల్యాన్ని దొంగిలించినవాడు. ఆ కథకి అంతకన్నా బలమైన పగ ఇంకోటి లేదు.

ఇప్పుడు కొట్లోకి రా. షీ-రా బొమ్మ "ప్రిన్సెస్ ఆఫ్ పవర్" అనే పేరుతో గులాబీ రంగు హంగులున్న డబ్బాలో అమ్మాయిల వరసలో ఉంది. హోర్డాక్, అతని వెంట ఉండే గ్రిజ్లర్, లీచ్, మాంటెన్నా లాంటి వాళ్లంతా అబ్బాయిల వరసలో, హీ-మ్యాన్ బొమ్మల మధ్య ఉన్నారు. మరి అమ్మాయిల వరసలో షీ-రాతో ఎవరు పోట్లాడాలి? క్యాట్రా. కార్టూన్‌లో క్యాట్రా హోర్డాక్ కింద పనిచేసే మనిషి, బొమ్మల దగ్గరికొచ్చేసరికి ఆమే ప్రధాన విలన్. టీవీలో తను చూసిన యుద్ధాన్ని ఇంట్లో ఆడుకోవాలంటే ఆ పిల్ల అబ్బాయిల వరసలోకి వెళ్లి, హీ-మ్యాన్ బొమ్మల వరస పేరు, "మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్" అని రాసి ఉన్న అట్ట మీద ఉన్న విలన్‌ని కొనిపించుకోవాలి. ఎంతమంది తల్లిదండ్రులు ఆ వరసలోకి తిరిగి ఉంటారు?

ఇది చూపించాక నువ్వు ఏ పెద్ద మాటా వాడక్కర్లేదు. ఇంకోటి కూడా గమనించు. ఆ కార్టూన్ రాసినవాళ్లు షీ-రాని ఒక తిరుగుబాటుకి నాయకురాలిగా రాశారు. బొమ్మని ఎక్కడ పెట్టాలో తేల్చినవాళ్లు వేరే మనుషులు. బొమ్మల కంపెనీల్లో అబ్బాయిల విభాగం, అమ్మాయిల విభాగం అని విడివిడిగా ఉండేవి, దేని బడ్జెట్ దానిదే, దేని లెక్క దానిదే. నువ్వు "వాళ్లు" అని ఒకే మాటతో అందర్నీ కట్టేస్తున్నావు. ఎవరు ఏం నిర్ణయించారో విడదీసి చూడు, నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది.

రెండో విషయం, దువ్వెన. షీ-రా బొమ్మతో దువ్వెన ఇచ్చారని నువ్వు మహా వెటకారంగా రాశావు. ఆ వెటకారం తీసెయ్యి. ముందు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూడు. హీ-మ్యాన్ అయిదున్నర అంగుళాల గట్టి ప్లాస్టిక్ ముద్ద, జుట్టు కూడా అచ్చులో పోసిందే, నడుములో స్ప్రింగ్ ఉంటుంది, పక్కకి తిప్పి వదిలితే చెయ్యి గిర్రున వచ్చి ఎదుటి బొమ్మని కొడుతుంది. చేతిలో సగం కత్తి, మిగతా సగం అతని శత్రువు స్కెలెటార్ దగ్గర ఉంటుంది, రెండూ అతికిస్తే ఒక కత్తి అవుతుంది. షీ-రా కూడా ఇంచుమించు అంతే ఎత్తు. కానీ జుట్టు నిజం జుట్టులా తలలో నాటినది, వీపున గుడ్డ కేప్, చేతికి కత్తీ డాలూ, వాటితో పాటు దువ్వెన. అంటే ఆమె చేతిలోంచి కత్తి తీసెయ్యలేదు. దువ్వెన ఇచ్చి తప్పు చెయ్యలేదు కూడా. జుట్టు దువ్వడం ఆటే, ఆ దువ్వెనతో గంటలు గంటలు ఆనందంగా గడిపిన పిల్లలు లక్షల్లో ఉంటారు, ఇవాళ వాళ్లలో కొందరు నీ వ్యాసం చదువుతారు. వాళ్ల ఆటని తక్కువ చేస్తే నువ్వు కూడా ఆ కంపెనీ మాటే అన్నట్టు: అబ్బాయిల ఆట గొప్పది, అమ్మాయిల ఆట చిన్నది. అడగాల్సిన ప్రశ్న వేరు. దువ్వెన ఎందుకిచ్చారని కాదు, హోర్డాక్‌ని ఎందుకివ్వలేదని. ఆ దువ్వెన హీ-మ్యాన్ డబ్బాలో ఎందుకు లేదని కూడా అడుగు.

దీని పక్కన టీలాని పెట్టు. ఆమె హీ-మ్యాన్ మొదటి విడత బొమ్మల్లోనే ఉంది, యోధురాలు. అబ్బాయిల వరసలో అమ్మారు గనక ఆమె జుట్టు అచ్చులో పోసిన ప్లాస్టిక్. అదే కంపెనీ, ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరూ యుద్ధం చేసే రకమే. వరస మారగానే జుట్టు మారిపోయింది. నీ పది పేజీల వాదం మొత్తం ఈ జుట్టులో ఉంది, ఒక పేరా నిండా దాని గురించే రాసినా నాకు అభ్యంతరం లేదు.

చరిత్ర చెప్పేటప్పుడు 1964కి వెళ్లడం మర్చిపోకు. 1959లో బార్బీ వచ్చి బట్టలు విడిగా అమ్ముకుంటూ డబ్బు చేసుకోవడం చూసి, హ్యాస్‌బ్రో అనే ఇంకో బొమ్మల కంపెనీ 1964లో జీ.ఐ. జో అనే సైనికుణ్ని తెచ్చింది. దాదాపు బార్బీ ఎత్తే, బట్టలు మార్చొచ్చు, సామాన్లు విడిగా కొనుక్కోవాలి. వ్యాపారం అచ్చంగా అదే. కాకపోతే కొడుక్కి డాల్ కొనిపెట్టే తండ్రి ఉండడని కంపెనీకి భయం, అందుకే డాల్ అనే మాట నోట రానివ్వకుండా "యాక్షన్ ఫిగర్" అని పేరు పెట్టారు. 1967లో అదే వరసలో ఒక నర్సుని కూడా దించారు. అమ్ముడుపోలేదు. ఇప్పుడు ఆ నర్సు డబ్బాతో సహా దొరికితే సేకరించేవాళ్లు పోటీపడి కొంటారు. ఆ నర్సు గతి ఏమైందో తర్వాత చాలా ఏళ్లు కంపెనీల మనసులో ఉండిపోయిందని నా అనుమానం. అబ్బాయిల వరసలో ఆడ బొమ్మ అమ్ముడుపోదు అన్న మాటని ఆ వ్యాపారంలో పంచాంగంలా నమ్మారు. ఆడ బొమ్మల్ని తక్కువగా తయారుచేస్తే తక్కువగానే అమ్ముడవుతాయి కదా అని అడిగినవాళ్లు తక్కువ.

1982లో జీ.ఐ. జో చిన్న సైజులో, మూడుముప్పావు అంగుళాల్లో మళ్లీ వచ్చినప్పుడు చూడు. ఆ ఏడాది స్కార్లెట్. 1983లో కవర్ గర్ల్. 1984లో బారోనెస్, 1985లో లేడీ జే, 1986లో జరానా, 1987లో జింక్స్. ఏడాదికొక ఆడమనిషి, చుట్టూ గుంపులు గుంపులుగా మగవాళ్లు. ఈ పేర్లని సంవత్సరాలతో సహా వరసగా రాసి వదిలెయ్యి, పక్కన వ్యాఖ్య అక్కర్లేదు.

కానీ ఇక్కడే ఇంకో సంగతి ఉంది, నువ్వు అసలు పట్టించుకోలేదు. ఆ బొమ్మల ప్యాకెట్ వెనకాల కత్తెరతో కత్తిరించుకుని దాచుకునే కార్డు ఒకటి ఉండేది, ఆ పాత్ర జీవితచరిత్ర. వాటిని రాసింది ల్యారీ హామా, కామిక్స్ రాసిన మనిషి. స్కార్లెట్ కార్డు వెతికి చదువు. అసలు పేరు షానా ఓ'హారా, పుట్టింది అట్లాంటా, నాన్నా అన్నదమ్ములూ మార్షల్ ఆర్ట్స్ నేర్పే గురువులు, 9వ ఏట సాధన మొదలుపెట్టి 15వ ఏట బ్లాక్ బెల్ట్ తెచ్చుకుంది, లా కాలేజీలో అగ్రశ్రేణిలో పాసై లాయర్ అయింది, దళంలో ఆమె పని కౌంటర్ ఇంటెలిజెన్స్. అబ్బాయిల వరసలో వేలాడే అట్ట వెనక, ఎనిమిదేళ్ల పిల్లాడు చదువుకునే నాలుగు వాక్యాల్లో, ఒక రచయిత ఆమెకి చదువు, ఊరు, ఉద్యోగం అన్నీ ఇచ్చాడు. ఎవరికో ప్రేయసి అని రాసి సరిపెట్టలేదు. నువ్వు రచయితవి కావాలనుకుంటున్నావు గనక ప్రత్యేకంగా చెప్తున్నాను, అంత ఇరుకైన చోట, అంత కచ్చితమైన వ్యాపారం మధ్య కూడా చెయ్యగలిగింది చేసిన మనుషుల్ని నీ వ్యాసంలో కనబడనివ్వు. వాళ్లు లేకుండా రాస్తే అది అబద్ధం అవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్స్ దగ్గర, అంటే కార్లుగా, విమానాలుగా మారే రోబో బొమ్మల దగ్గర, నీ వాదం కొంచెం మార్చుకోవాలి. ఆర్సీ అనే ఆడ రోబో 1986 సినిమాలో కనిపించినా అప్పట్లో ఆమెకి బొమ్మ రాలేదన్నది నిజమే. అంతకుముందే 1985లో ఎలీటా వన్ అనే పాత్రనీ, ఆమెతో ఇంకొందరు ఆడ రోబోల్నీ కార్టూన్‌లో చూపించారు, వాళ్లకీ బొమ్మల్లేవు. కానీ ఆ బొమ్మల్లో తొలినాటివి ఎక్కువగా జపాన్‌లో టకారా కంపెనీ అప్పటికే చేసి పెట్టుకున్న అచ్చుల్లోంచి వచ్చాయి, కార్టూన్ కథ తర్వాత అల్లారు. లేని అచ్చు కొత్తగా చేయించాలంటే బోలెడు ఖర్చు, ఆ ఖర్చు ఆడ రోబో మీద పెట్టడానికి మనసొప్పలేదు. ఇదీ వివక్షే, కాదనను. అయితే అది ఎవరో గదిలో కూర్చుని అమ్మాయిలొద్దు అని తీర్మానించినట్టు ఉండదు, ఖర్చు పట్టికలో ఒక గడి ఖాళీగా వదిలేసినట్టు ఉంటుంది. అలాగే రాయి.

చట్టం గురించి నువ్వు రెండు పేజీలు రాశావు, అర పేజీకి కుదించు. 1969లో హాట్ వీల్స్ కార్ల మీద కార్టూన్ వస్తే అది ప్రోగ్రాం కాదు, అడ్వర్టైజ్‌మెంట్ అని ఫిర్యాదు వెళ్లింది, అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ వాదంతో ఏకీభవించింది. 1984లో రీగన్ కాలంలో, మార్క్ ఫౌలర్ చైర్మన్‌గా ఉన్నప్పుడు, పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న పరిమితులు ఎత్తేశారు. ఇక బొమ్మ కోసమే కార్టూన్ తీసే పద్ధతి వరదై పారింది. వారానికి అయిదు రోజులు వేసుకునేలా అరవై అయిదు ఎపిసోడ్లు ఒకేసారి తీసి లోకల్ స్టేషన్లకి ఇచ్చేవారు. పిల్లల టీవీ బాగుండాలని ఉద్యమం నడిపిన పెగ్గీ చారెన్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 1990లో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చింది. నీకు ఇందులో కావలసింది ఒక్కటే: కార్టూన్ ఎపిసోడే యాడ్ అయినప్పుడు, యాడ్లలో ఎప్పట్నుంచో ఉన్న అబ్బాయి-అమ్మాయి గీత కథలోకి కూడా దిగింది. అది చెప్పి ముందుకెళ్లిపో.

పాత యాడ్లు చూసేటప్పుడు ముందు సౌండ్ ఆపి చూడు. ఎవరి చేతులు ఏ బొమ్మని పట్టుకున్నాయి, ఆ చేతులు ఏం చేస్తున్నాయి, వెనక మట్టి ఉందా మెత్తటి తివాచీ ఉందా. తర్వాత కళ్లు మూసుకుని విను, మాట్లాడే గొంతు అరుస్తోందా, పాడుతోందా. సియర్స్ లాంటి పెద్ద స్టోర్ల క్రిస్మస్ కేటలాగులు స్కాన్ చేసి పెట్టినవి దొరుకుతాయి, ఏ బొమ్మ ఏ పేజీలో ఏ బొమ్మ పక్కన ఉందో నీ కళ్లతో నువ్వే చూసి రాసుకో. ఇంకొకరు రాసిన వ్యాసంలోంచి ఎత్తిన లెక్క వద్దు.

మన పాఠకుల కోసమని కొండపల్లి బొమ్మల్ని లాక్కొచ్చావు చూడు, ఆ పేరా కొట్టెయ్యి. ఈ గొడవకీ వాటికీ సంబంధం లేదు. నిజంగా ఉన్న సంబంధం చాలు: హీ-మ్యాన్ దూరదర్శన్‌లో వచ్చింది, నా తరంవాళ్లు చాలామంది చూశారు. జీ.ఐ. జో బొమ్మల్ని మన దేశంలో ఫన్‌స్కూల్ తయారుచేసి అమ్మింది. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు పెద్ద స్టోర్లకి వెళ్తే, అబ్బాయిలకా అమ్మాయిలకా అని తేడా లేకుండా పిల్లల వస్తువులు పెట్టిన చోటు కూడా చూస్తారు, 2021లో చేసిన చట్టం 2024 నుంచి అమల్లోకి వచ్చింది. ఇవి చెబితే తెలుగు పాఠకుడు తనంతట తనే వ్యాసంలోకి వస్తాడు.

జెమ్ అనే కార్టూన్ గురించి ఇందులో ఇరికించొద్దు, దానికి విడిగా ఇంకో వ్యాసం కావాలి. జీ.ఐ. జో కార్టూన్ తీసిన సన్‌బో కంపెనీ వాళ్లే, అదే హ్యాస్‌బ్రో కోసం, క్రిస్టీ మార్క్స్ అనే రచయిత్రి చేత రాయించిన అమ్మాయిల కార్టూన్ అది. పాటలు, వెంటాడటాలు, ప్రమాదాలు అన్నీ ఉన్నాయి. డాల్స్‌తో క్యాసెట్లు ఇచ్చేవారు. మ్యాటెల్ ఊరుకోలేదు, 1986లోనే బార్బీ చేత కూడా రాక్ బ్యాండ్ పెట్టించింది. ఆ రెండు కంపెనీల పోటీలో అమ్మాయిల వరసలోకి గిటార్లు ఎలా వచ్చాయన్నది నువ్వు రాస్తే చదవాలని నాకు చాలా ఆశగా ఉంది, ఈ వ్యాసం అయిపోగానే మొదలుపెట్టు. ప్రస్తుతానికి హోర్డాక్‌ని ముందుకు తీసుకొచ్చి, టీలా జుట్టు, స్కార్లెట్ కార్డు కలిపి పంపు. కార్డు ఫొటో కూడా జత చెయ్యి, నేను సరిచూస్తాను.

ప్రేమతో,
అక్క