అడగండి, చెప్తాను: ప్రెసిడెంటుని ‘మిస్టర్’ అని ఎందుకు పిలుస్తారు?

పోయిన నెల అమెరికా తొలి రోజుల గురించి రాసినాక చానా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చినాయి. నాలుగింటికి ఇక్కడ జవాబు చెప్తా ఉన్నా.

ప్రశ్న: సార్, మా అబ్బోడు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ళ పైఆఫీసర్ని పేరు పెట్టి పిలుస్తాడు, ఫోన్లో విన్నప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. అడిగితే ‘ఇక్కడ ప్రెసిడెంటుని కూడా మిస్టర్ అనే అంటారు నాయనా’ అన్నాడు. మన పక్క వార్డు మెంబరుకి కూడా ఫ్లెక్సీలో పేరుకి ముందు నాలుగు మాటలు తగిలించకపోతే ఊరుకోరు. వాళ్ళకి ఈ పద్ధతి మొదట్నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా?
– ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అన్నా, నాకు చానా ఇష్టమైన సంగతి అడిగినారు. మొదట్నుంచీ లేదు, కూర్చుని వాదించుకుని తేల్చుకున్నారు. 1789 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో కొత్త ప్రభుత్వం మొదలైంది, వాషింగ్టన్ ప్రెసిడెంటు, జాన్ ఆడమ్స్ వైస్ ప్రెసిడెంటు. పనులు ఇంకా మొదలే కాలేదు, అప్పుడే పై సభ సెనేట్‌కి పెద్ద సందేహం వచ్చింది, ఈయన్ని ఏమని పిలవాలి అని. రాజు వద్దని 8 ఏళ్ళు యుద్ధం చేసి వచ్చినోళ్ళు, రాజుని పిలిచినట్టు పిలవలేరు, మరి ఏమనాలి? ఆడమ్స్ మాత్రం పెద్ద బిరుదు ఉండాల్సిందేనని పట్టుబట్టినాడు, లేకుంటే బయట దేశాలోళ్ళు లెక్కచెయ్యరు, ఉత్త ప్రెసిడెంట్ అంటే ఎట్లా, ఫైర్ కంపెనీలకీ క్రికెట్ క్లబ్బులకీ కూడా ప్రెసిడెంట్లు ఉన్నారు కదా అని ఆయన వాదన (ఈ పొద్దు మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటు ఉన్నట్టు అనుకోండి). సెనేట్ కమిటీ ఒక బిరుదు తయారు కూడా చేసింది, తెలుగులో చెప్పాలంటే ‘అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షులు, వారి స్వేచ్ఛలకు సంరక్షకులు అయిన ఘనత వహించిన ప్రభువులవారు’ అన్నట్టు వస్తుంది. కింది సభ ససేమిరా అనింది. రాజ్యాంగంలో ప్రెసిడెంట్ అని రాసుంది, దానికి ముందూ వెనకా ఏమీ వద్దు అన్నారు. పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే అనే ఆయన సెనేట్‌లోనే ఉండి ఆడమ్స్‌ని ఎదిరించినాడు, రోజూ ఇంటికి పోయి డైరీ రాసుకున్నాడు, ఆ డైరీ ఉండబట్టే ఈ గొడవ మనకి ఇంత వివరంగా తెలిసింది. మే 14కి సెనేట్ దిగొచ్చింది. అప్పట్నుంచి మిస్టర్ ప్రెసిడెంట్.

పిలుపులో ఏముందిలే అనుకునే వాళ్ళకి నేను ఒకటి చెప్తా. నా చిన్నప్పుడు మా ఊర్లో అరవై ఏళ్ళ ముసలాయన పదేళ్ళ నన్ను ‘సామీ’ అనేవాడు, నేను ఆయన్ని ‘ఒరే’ అనేవాణ్ణి. మా ఇంటి ముందుకొస్తే ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. అది తప్పని నాకు ఇంట్లో ఎవురూ చెప్పలా, బళ్ళోనూ చెప్పలా. అందుకే ఆ 1789 గొడవ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, ఒక దేశం పుట్టీ పుట్టగానే కూర్చుని దీని గురించి మాట్లాడుకునిందా అని.

పిలుపు ఒక్కటే కాదు, ఆస్తి పద్ధతి కూడా మార్చినారు. మన కార్వేటినగరం, పుంగనూరు జమీన్లు గుర్తు చేసుకోండి, ఎస్టేటు ముక్కలు కాకుండా పెద్దకొడుక్కి పోవడం, 1948లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చిందాకా జమీందారు జమీందారే. వర్జీనియాలో కూడా పెద్ద పెద్ద కుటుంబాలు భూమిని అమ్మేదానికీ పంచేదానికీ వీల్లేకుండా తరతరాలు కట్టేసి పెట్టుకుని ఉన్నాయి. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ ముందుండి 1776లో ఆ కట్టు తెంపించినాడు, వీలునామా లేకుండా చనిపోతే పెద్దకొడుక్కే మొత్తం అనే పద్ధతి 1785లో పోయింది.

ఇంటి పనికి కుదిరిన తెల్ల పిల్లలు మమ్మల్ని ‘సర్వెంట్’ అనొద్దు, ‘హెల్ప్’ అనండి అనేవాళ్ళు. యజమానిని ‘మాస్టర్’ అనడం మానేసి ‘బాస్’ అనడం మొదలుపెట్టినారు, అది డచ్ వాళ్ళ మాట, అర్థం మళ్ళా యజమానే. మీ అబ్బోడు ఈ పొద్దుకీ అదే మాట వాడతా ఉంటాడు. వినేదానికి బాగుంది కదా? కానీ ఎందుకు మానేసినారో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. యాలంటే ఆ దేశంలో మాస్టర్ అనే మాట నల్లవాళ్ళ నోట్లో ఉండే మాట, బానిసలది. మేము వాళ్ళం కాదు అని చెప్పుకోవడానికి తెల్ల కూలీలు ఆ మాట వదిలేసినారు. కింద ఇంకొకరు ఉన్నారు కాబట్టే వీళ్ళు మేమంతా సమానం అనుకోగలిగినారు. ఇది మన పక్క పుట్టినోడికి వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇంకొక్క కథ చెప్పి ముగిస్తా. జెఫర్సన్ ప్రెసిడెంటు అయినాక తన ఇంట్లో విందుకి ఒక రూల్ పెట్టినాడు, ఎవురికీ ముందు సీటు లేదు, ఎవురు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి. 1803లో బ్రిటిష్ రాయబారి ఆంథోనీ మెర్రీ బంగారు జరీ పనులున్న ఫుల్ డ్రెస్‌లో వస్తే ఈయన పాత స్లిప్పర్లు వేసుకుని ఎదురొచ్చినాడు, తర్వాత విందులో ఆయన భార్యకి ముందు మర్యాద చెయ్యలేదు, దాంతో మెర్రీ అలిగి పెద్ద రభస చేసినాడు. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతి ఎవురిది, రెండో బంతి ఎవురిది అని చూస్తాం కదా, ఆ బంతుల లెక్కే లేదు పొమ్మన్నాడు ఆ మనిషి. నాకు ఆ విషయంలో ఆయన మీద గౌరవం ఉంది, ఈ పొద్దుకీ ఉంది.

అయితే ఆ వంట చేసింది ఎవురు? ఈడిత్ ఫాసెట్ అనే అమ్మాయి. పదిహేనేళ్ళకి ఆమెని వర్జీనియాలో జెఫర్సన్ ఎస్టేటు మాంటిసెల్లో నుంచి వాషింగ్టన్‌కి తెచ్చి ఫ్రెంచ్ వంటమేస్త్రి దగ్గర పెట్టినారు, 1809 దాకా అక్కడే. జెఫర్సన్ బానిస. ఆమె మొగుడు జోసెఫ్ మాంటిసెల్లోలో కమ్మరి పని చేసేవాడు, 1806లో చెప్పకుండా ఆమెని చూసేదానికి వాషింగ్టన్ పోతే పట్టుకుని జైల్లో వేసినారు. జెఫర్సన్ 1826 జులై 4న చనిపోయినాడు, స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజు. మెడలోతు అప్పులు. వీలునామాలో ఐదుగురికి విడుదల రాసినాడు, అందులో జోసెఫ్ ఉన్నాడు, ఈడిత్ లేదు, పిల్లలు లేరు. 1827 జనవరిలో మాంటిసెల్లోలోనే వేలం పెట్టినారు. ఆవుల్నీ సామాన్లనీ మనుషుల్నీ ఒకే వేలంలో. వాళ్ళ కొడుకు పీటర్‌కి అప్పుడు పదకొండేళ్ళు, వేలంలో వేరేవాడికి పోయినాడు. జోసెఫ్ కమ్మరి పని చేసి చేసి భార్యని, కొందరు పిల్లల్ని మళ్ళీ కొనుక్కోగలిగినాడు. పీటర్ విడుదలయ్యేదానికి ఇంకో ఇరవై ఏళ్ళ పైన పట్టింది, తర్వాత సిన్సినాటిలో క్యాటరింగ్ చేసినాడు, చర్చి పాస్టర్ అయినాడు. అందరూ సమానంగా పుట్టినారు అనే వాక్యం రాసిన చేతులకి అన్నం పెట్టింది ఈ కుటుంబం. మీ అబ్బోడు వర్జీనియా పక్క పోతే మాంటిసెల్లో చూసి రమ్మనండి, వంటిల్లు తప్పకుండా చూడమనండి.

ప్రశ్న: నేను టమాటా రైతుని. అప్పులకి రైతులు తిరగబడటం అమెరికాలో కూడా జరిగింది అని రాసినారు, రెండు లైన్లలో వదిలేసినారు. పూర్తిగా చెప్పండి.
– పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వదిలెయ్యడం నా తప్పే, చోటు లేక అట్లయింది. అది 1786, మసాచుసెట్స్ రాష్ట్రం. యుద్ధంలో సైనికులకి జీతం కింద కాగితాలిచ్చినారు, ఆ కాగితాలకి విలువ పడిపోయి పావలాకి అర్ధణాకి అమ్ముకుని ఇంటికొచ్చినారు. అవి కొనిపెట్టుకున్నది పట్నం వ్యాపారులు. ఇప్పుడు ప్రభుత్వం ఆ కాగితాలకి పూర్తి డబ్బు కట్టాలనుకునింది, దానికోసం పన్నులు పెంచింది, పన్ను వెండి నాణెంలోనే కట్టాలి అనింది. పల్లెల్లో వెండి ఎక్కడుంది? ధాన్యం ఉంది, పశువులు ఉన్నాయి, నాణెం లేదు. కట్టలేనోళ్ళ మీద కోర్టులో కేసు, భూమి జప్తు, కొందరికి జైలు. ముందు పద్ధతిగా అర్జీలు పెట్టుకున్నారు, ఊరూరా మీటింగులు పెట్టుకుని తీర్మానాలు పంపినారు, పట్టించుకునేవాళ్ళు లేరు. ఆగస్టు చివర్లో నార్తాంప్టన్‌లో వందలమంది పోయి కోర్టు మెట్ల దగ్గర నిలబడి జడ్జీలని లోపలికి పోనివ్వలేదు. కోర్టు జరగకపోతే జప్తు జరగదు, అంతే వాళ్ళ ఆలోచన. వాళ్ళకి పెద్దగా కనిపించినాయన డేనియల్ షేస్, యుద్ధంలో కెప్టెన్‌గా చేసి వచ్చిన రైతు.

ప్రభుత్వం దగ్గర సైన్యానికి డబ్బుల్లేకపోతే బోస్టన్ వ్యాపారులు చందాలేసుకుని సైన్యం తయారుచేసినారు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర ఫిరంగులు పేలినాయి, నలుగురు చచ్చిపోయినారు, మిగతావాళ్ళు మంచులో చెదిరిపోయినారు. ఈ వార్తకి వాషింగ్టన్ లాంటి వాళ్ళు హడలిపోయినారు. ఆ మే నెలలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి 55 మంది కూర్చున్నప్పుడు ఈ భయం వాళ్ళ తలల్లో ఉంది. జనం చేతికి అధికారం ఇవ్వాలి, కానీ ఒక్కసారిగా కాదు, సెనేటర్లని జనం నేరుగా ఎన్నుకోకూడదు, ప్రెసిడెంటుని కూడా నేరుగా ఎన్నుకోకూడదు, ఇట్లాంటి అడ్డుకట్టలన్నీ వచ్చినాయంటే అందులో షేస్ రైతుల వాటా ఉంది. సెనేటర్లకి నేరుగా ఓటెయ్యడం 1913కి గానీ రాలేదు.

పారిస్‌లో ఉన్న జెఫర్సన్ ఒక్కడే, అప్పుడప్పుడు చిన్న తిరుగుబాటు రావడం మంచిదే అని తన నేస్తం, రాజ్యాంగం రాసినోళ్ళలో ఒకడైన మాడిసన్‌కి జాబు రాసినాడు. మంచి జరిగింది కూడా: మరుసటి ఎలక్షన్లో రైతుల మీదికి సైన్యాన్ని పంపిన గవర్నర్ బౌడన్‌ని జనం ఓడించినారు, పన్నులు తగ్గినాయి, షేస్‌కి 1788లో క్షమాభిక్ష దొరికింది.

ప్రశ్న: సార్ నమస్తే. అమెరికాలో ఆడవాళ్ళకి 1920లో ఓటు వచ్చింది అని మా పాప పుస్తకంలో ఉంది. మా గ్రూపు మీటింగులో ఒకామె అంతకుముందే ఒక రాష్ట్రంలో ఉండేది అనింది. ఏది కరెక్టు?
– ఒక డ్వాక్రా గ్రూపు లీడర్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: రెండూ కరెక్టే తల్లీ, మీ గ్రూపులో ఆమెకి నా అభినందనలు చెప్పండి. న్యూజెర్సీ రాష్ట్రం 1776లో రాసుకున్న రాజ్యాంగంలో 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు అని రాసినారు, మగవాళ్ళు అని రాయలేదు, తెల్లవాళ్ళు అని రాయలేదు. 1797 చట్టంలో అయితే ‘అతడు లేదా ఆమె’ అనే రాసినారు. పెళ్ళైన ఆడదానికి చట్టం ప్రకారం సొంత ఆస్తి ఉండదు, మొగుడిదే అంతా, కాబట్టి ఓటేసింది వితంతువులు, పెళ్ళి కాని ఆడవాళ్ళు, ఆస్తి ఉన్న నల్లవాళ్ళు కొందరు. ముప్పై ఏళ్ళు ఇది నడిచింది.

మరి ఎట్లా పోయింది అంటే, చిత్తూరోళ్ళకి తిరుపతోళ్ళకి సులభంగా అర్థమయ్యే గొడవ. 1807లో ఎసెక్స్ కౌంటీ కోర్టు బిల్డింగ్ ఎక్కడ కట్టాలి, నేవార్క్‌లోనా ఎలిజబెత్‌టౌన్‌లోనా అని ఓటింగ్ పెట్టినారు. రెండు ఊర్లూ పోటీకి దిగినాయి, ఒక్కొక్కరు రెండుసార్లు మూడుసార్లు ఓట్లేసినారు, మగపిల్లోళ్ళు ఆడవేషం కట్టుకుని మళ్ళీ వచ్చి వేసినారని ఫిర్యాదులు. ఆ ఓటింగ్‌ని రద్దు చేసినారు. దొంగతనం చేసింది మగోళ్ళు, శిక్ష పడింది ఆడోళ్ళకి. అదే ఏడాది చివర్లో ఓటు తెల్ల మగవాళ్ళకి మాత్రమే అని కొత్త చట్టం తెచ్చినారు, దానికి ఎన్నికల శుద్ధి అనే సాకు చెప్పినారు. వచ్చిన హక్కు పోవడం కూడా ఉంటుంది అని మీ పాపకి చెప్పండి. మనం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది, అదీ ఆస్తి, పన్ను లెక్కల మీదే, అందరికీ వచ్చింది మాత్రం 1951-52 ఎలక్షన్లకి.

ప్రశ్న: మా కాలేజీ వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి పద్మశ్రీ ఉంది. ఇన్విటేషన్ కార్డులో పేరుకి ముందు ‘పద్మశ్రీ’ అని వెయ్యాలా వద్దా అని మాలో గొడవ.
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, తిరుపతి

జవాబు: వెయ్యొద్దు బాబూ. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 9వ సెక్షన్‌లో ప్రభుత్వం ఎవురికీ ప్రభు బిరుదులు ఇవ్వకూడదు అని ఉన్నట్టే, మన రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదుల రద్దు ఉంది. పద్మ అవార్డులు, భారతరత్న దీని కిందికి వస్తాయా రావా అని కేసు నడిస్తే 1995 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అవార్డులు ఇవ్వొచ్చు, కానీ పేరుకి ముందుగానీ వెనకగానీ తగిలించుకోకూడదు అని చెప్పింది. ఆయన గురించి పరిచయం రాసేటప్పుడు ఫలానా ఏడాది పద్మశ్రీ అందుకున్నారు అని ఒక వాక్యం రాయండి, అందులో తప్పులేదు. కార్డు మీద పేరు, ‘గారు’ చాలు. ప్రింటింగ్‌కి ఇచ్చేసి ఉంటే ఈ పొద్దే ఫోన్ చేసి మార్పించండి.