డాక్టర్ సలహా: జరగని సంగతి జరిగినట్టు గుర్తుంటే అల్జీమర్స్ మొదలైనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 74. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి కోవూరులో మాతోనే ఉంటున్నారు. బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు మా అబ్బాయిని తానే భుజాన ఎత్తుకుని నీళ్లు దాటించానని కొన్ని నెలలుగా ఇంటికి వచ్చినవారందరికీ చెబుతున్నారు. నిజానికి ఆ వారం ఆయన ఒంగోలులో మా అక్క దగ్గర ఉన్నారు. పిల్లవాణ్ణి దాటించింది మా తమ్ముడు. కాదంటే కోప్పడుతున్నారు. ఇది అల్జీమర్స్‌కు సూచనా?
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: మీ నాన్నగారు అబద్ధం చెబుతున్నారనో, గొప్పలకు పోతున్నారనో అనుకోకండి. ఆయనకు అది నిజంగానే గుర్తుంది. దీన్ని వైద్య పరిభాషలో మిథ్యా జ్ఞాపకం అంటారు. ఇది ఒక్కటే ఉంటే అల్జీమర్స్ అని చెప్పలేము.

జరిగిన సంఘటన మెదడులో ఉన్నదున్నట్టుగా దాగి ఉండదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని విడివిడి ముక్కల నుంచి మళ్లీ కూర్చుకుంటుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలను ఒకచోట ముడివేసే పని మెదడు లోపలి హిప్పోక్యాంపస్ అనే భాగానిది కాగా, అది కళ్లారా చూసినదా, ఎవరైనా చెబితే విన్నదా అని సరిచూసే పనిలో నుదుటి వెనుక ఉండే ఫ్రాంటల్ భాగానిది ముఖ్యపాత్ర. వయసు పైబడుతున్నకొద్దీ ఈ రెండూ కొంత మందగిస్తాయి, సంగతి సారాంశం మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడాన్ని మీ నాన్నగారు టీవీలో చూసే ఉంటారు, మీ తమ్ముడు చెప్పినదీ పలుమార్లు విని ఉంటారు, మనవణ్ణి భుజాన మోయడం ఆయనకు అలవాటే అయి ఉంటుంది. ముక్కలన్నీ నిజమైనవే, కూర్పులోనే తేడా వచ్చింది.

మీరే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మంచం, దుప్పటి, దిండు, కల, కునుకు, ఆవులింత, గురక, జోలపాట అని ఎవరికైనా చదివి వినిపించి, కాసేపాగి ‘నిద్ర’ అన్న మాట విన్నారా అని అడగండి. విన్నామని చాలామంది గట్టిగా చెబుతారు. 1959లో జేమ్స్ డీస్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. యువకులూ ఇందులో పొరబడతారు, పెద్దవారు ఇంకొంచెం ఎక్కువగా పొరబడతారు. ఇలాంటి పరీక్షలు చేస్తూ, మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై స్కాన్ తీసినప్పుడు, పెద్దవారిలో హిప్పోక్యాంపస్ చురుకుదనం తగ్గి, మాటల అర్థాన్ని చూసుకునే టెంపొరల్ భాగం ఎక్కువగా పనిచేస్తున్నట్టు పరిశోధకులు గమనించారు. అయితే ఇది ఎంతోమందిని కలిపి చూస్తే తేలిన సంగతి. ఒక మనిషి చెప్పే ఒక జ్ఞాపకం నిజమో కాదో తేల్చే స్కాన్ ఏదీ లేదు కనుక, ఆ ఉద్దేశంతో స్కానింగ్‌కు డబ్బు ఖర్చు పెట్టవద్దు.

ఆందోళన పడవలసిన లక్షణాలు వేరు. అడిగిన ప్రశ్ననే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, పింఛను లెక్క చూసుకోలేకపోవడం, తన వస్తువులు ఇంట్లోవాళ్లే దొంగిలించారనడం వంటివి కనిపిస్తే నెల్లూరులో న్యూరాలజిస్టుకు చూపించండి. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే మాట తికమకగా మారితే మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో కారణం కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇవేవీ లేకపోయినా బి12 విటమిన్, థైరాయిడ్, సోడియం పరీక్షలు ఒకసారి చేయించడం మంచిది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రను ఏళ్ల తరబడి వాడేవారిలో బి12, కొన్ని రకాల బీపీ మాత్రలతో సోడియం తగ్గే అవకాశం ఉంది. నిద్ర మాత్రలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని జలుబు మాత్రలు కూడా పెద్దవారి జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే కాక మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి. వినికిడి తగ్గిందేమో కూడా చూపించండి. సగం వినబడిన మాటలో మిగతా సగాన్ని మెదడు తానే పూరించుకుంటుంది.

వరద సంగతిపై నలుగురిలో ఆయనను నిలదీయకండి. దానివల్ల జ్ఞాపకం మారదు, మనసు మాత్రం నొచ్చుకుంటుంది. అలాగని నీళ్లు ఎంత లోతున్నాయి, ఏ దారిన వెళ్లారు అని ఆరా తీయవద్దు, అలా అడిగితే లేని వివరాలు వచ్చి చేరి ఆ జ్ఞాపకం ఇంకా గట్టిపడుతుంది. నాకు ఈ కథ కన్నా ఆయన షుగరు మాత్రల గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. రోజూ చేసే పని కావడంతో నిన్న వేసుకున్నది ఇవాళ వేసుకున్నట్టు, వేసుకున్నది వేసుకోనట్టు అనిపించడం చాలా తేలిక. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర రెండుసార్లు పడితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. వారాల పేర్లున్న మాత్రల డబ్బా కొని ఆదివారం సాయంత్రం మీరే నింపి పెట్టండి. ‘వేసుకున్నారా’ అని అడగడానికి బదులు ఆ రోజు గడి ఖాళీ అయిందో లేదో చూడండి.