40 ఫ్రేములు వస్తే ఆట ఆడినట్టు కాదా?

“హనుమకొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్ తెర 144 హెర్ట్జ్. కొత్త గేములు మాత్రం 40, 45 ఫ్రేముల దగ్గరే నడుస్తున్నాయి. 60 రాకపోతే అది ఆట కిందికే రాదని హాస్టల్ మిత్రులు అంటున్నారు. ఫ్రేమ్ రేటు నిజంగా ఆనందాన్ని అంత మారుస్తుందా? కొత్త ల్యాప్‌టాప్ కొనిపెట్టమని నాన్నను అడగాలా?” అని మీరు అడిగారు.

మారుస్తుంది, చాలా మారుస్తుంది. కానీ మీ మిత్రులు ఒక్క అంకెను పట్టుకుని తీర్పు చెబుతున్నారు. ఫ్రేమంటే గేము గీసే ఒక్కో బొమ్మ, హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారగలదో చెప్పే లెక్క. సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసే ముందు అవి సమంగా వస్తున్నాయో లేదో చూడాలి. దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే ఊళ్లో రకరకాల యంత్రాల మీద ఆడినవాడిగా చెబుతున్నాను, నాన్నను ఇప్పుడే అడగకండి.

2007లో నయీంనగర్ వైపు ఒక నెట్ సెంటర్‌కు వెళ్లేవాణ్ణి. గంటకు 15 రూపాయలు. మేమంతా ఆడేది క్రికెట్ 07. పది కంప్యూటర్లలో గోడ పక్కనున్న ఏడో నంబరు అన్నింటికంటే కొత్తది. మైదానంలో గడ్డి, ఆటగాళ్ల నీడలు, స్టాండ్లలో జనం అందులో చూడముచ్చటగా కనిపించేవి. దాని కోసం పిల్లలు గంటసేపైనా వేచి ఉండేవారు. మూలనున్న మూడో నంబరు బాగా పాతది, అందులో బొమ్మ కూడా మసకగా ఉండేది. మొదట్లో నేనూ ఏడో నంబరు కోసమే కాచుకునేవాణ్ణి. అయితే సెంటర్ నడిపే అన్న డౌన్‌లోడ్లన్నీ దానిమీదే పెట్టేవాడు. బౌలర్ పరుగెత్తుకు వచ్చేవాడు, చెయ్యి తిరిగేది, నా వేలు మీట మీద సిద్ధంగా ఉండేది. సరిగ్గా అప్పుడే తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి బంతి కీపర్ చేతుల్లో ఉండేది, లేదంటే మధ్య వికెట్టు పడి ఉండేది. తప్పు నాదా యంత్రానిదా అని తేల్చుకోవడానికే నెల పట్టింది. ఒకరోజు వేరే దారి లేక మూడో నంబరు దగ్గర కూర్చున్నాను. బంతి కొంచెం అతుకులతోనే వచ్చింది, కానీ ప్రతిసారీ ఒకే తీరుగా వచ్చింది. రెండు ఓవర్లలో చెయ్యి దానికి అలవాటు పడింది. ఆ తర్వాత ఏడో నంబరు ఖాళీగా ఉన్నా మూలకే వెళ్లేవాణ్ణి.

అక్కడ జరిగిందేమిటో చిన్న లెక్కతో అర్థమవుతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో 54 ఫ్రేములు సరైన సమయానికే వచ్చి, ఒక్క ఫ్రేము మాత్రం 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. తెర మూలన ఫ్రేములను లెక్కించి చూపే కౌంటర్ మీద 55 అని కనిపిస్తుంది. చూసినవాళ్లు “55 వస్తోంది, ఇంకేం కావాలి” అంటారు. ఆడేవాడికి మాత్రం ఆ పదో వంతు సెకనులోనే బంతి దాటిపోయింది. సగటు అంకె ఇలాంటి తడబాటును దాచేస్తుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డులను పరీక్షించేవాళ్లు సగటుతో పాటు, అన్నింటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్కను కూడా విడిగా ఇస్తారు. ఏదైనా సమీక్ష చదివేటప్పుడు నా కళ్లు ముందు ఆ రెండో అంకెనే వెతుకుతాయి.

ఇది నాకు ఒంటికి తెలిసింది మాత్రం కంప్యూటర్ ముందు కాదు, పద్మాక్షి గుట్ట దగ్గర. ఒక ఏడాది సద్దుల బతుకమ్మకు అమ్మను, పిన్నిని అక్కడికి తీసుకువెళ్లాను. వలయంగా తిరుగుతూ ఆడుతున్నారు, పాట లౌడ్‌స్పీకర్లో వస్తోంది. నెమ్మది పాట వచ్చినప్పుడు వలయం నెమ్మదిగా తిరిగింది, వేగం పాట వచ్చినప్పుడు చప్పట్లూ అడుగులూ వేగం అందుకున్నాయి. రెండింటిలోనూ అందం ఉంది. ఒకచోట మాత్రం పాట అర సెకను చిక్కుకుని మళ్లీ మొదలైంది. అంతే, అంతమంది చేతులు గాలిలో ఆగిపోయాయి, వెనకవాళ్లు ముందువాళ్లను తాకారు, మళ్లీ లయ దొరకడానికి మూడు నాలుగు చప్పట్లు పట్టింది. నెమ్మది పాటకు ఎవరి అడుగూ తప్పలేదు. ఆ అర సెకనుకు అందరి అడుగులూ తప్పాయి. ఆటలో మన చెయ్యి కూడా అంతే. 30 ఫ్రేముల లయనైనా నేర్చుకుంటుంది, మధ్యలో తెగే లయను ఎన్నటికీ నేర్చుకోలేదు.

సినిమాలు 24 ఫ్రేములతోనే ఇంత బాగుంటే గేముకు 60 ఎందుకని కొందరు వాదిస్తారు. సినిమా కెమెరా ఒక్కో ఫ్రేములో కదలికను కొంచెం చెరిపినట్టుగా పట్టుకుంటుంది, కన్ను ఆ చెరుపును కలిపేసుకుంటుంది. అదీకాక సినిమాలో మనం మీట నొక్కం. గేములో నొక్కిన ప్రతిసారీ తెర జవాబు చెప్పాలి, ఆ జవాబు ఆలస్యమైతే చేతికి తెలిసిపోతుంది.

కాబట్టి ఎక్కువ ఫ్రేముల వల్ల లాభం లేదని నేను అనను. 30 నుంచి 60కి వెళితే ప్రతి ఫ్రేముకూ పట్టే సమయం 33.3 నుంచి 16.7 మిల్లీసెకన్లకు దిగుతుంది. అది ఎవరికైనా తెలిసే మార్పు. 60 నుంచి 120కి వెళితే తగ్గేది 8.3 మాత్రమే. కరీంనగర్‌లో ఉన్న మా మేనల్లుడు తుపాకీ ఆటల పోటీల్లో ఆడతాడు, వాడికి ఆ 8.3 కూడా అవసరమే. వాడి కొత్త మానిటర్ మీద మౌసును గుండ్రంగా తిప్పి చూశాను. బాణం గుర్తు వెనక వరుసగా కనిపించే నీడల మధ్య ఖాళీలు మా ఇంటి తెర మీద ఉన్నంతే ఉన్నాయి. సెట్టింగులు తెరిస్తే 144 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే ఉంది. కొన్న నాలుగు నెలలూ వాడు 60 హెర్ట్జ్ తెరనే చూశాడు. మార్చాక మళ్లీ మౌసు తిప్పితే ఖాళీలు సగానికి పైగా పూడిపోయాయి. మీ ల్యాప్‌టాప్‌లో కూడా డిస్‌ప్లే సెట్టింగుల్లో ఏముందో ముందు చూడండి.

చదరంగం, నగరాలు కట్టే ఆటలు, కథ చదువుకుంటూ పోయే ఆటలు ఉన్నాయి. వీటికి 30 సమంగా వస్తే చాలు. 1998లో నింటెండో 64 మీద వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’ సెకనుకు 20 ఫ్రేములతోనే నడిచేది. ఇప్పటికీ అత్యుత్తమ గేముల జాబితాల్లో దాని పేరు వస్తుంది.

యంత్రం బలహీనతే ఆటకు అందం తెచ్చిన సందర్భమూ ఉంది, నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది. 1978లో జపాన్‌లో టొమోహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్వేడర్స్’ తయారుచేశారు. తెర నిండా ఉన్న శత్రువులను గీయడం అప్పటి ప్రాసెసర్‌కు భారమైంది. మనం ఒక్కొక్కరినీ కాల్చేకొద్దీ గీయాల్సినవి తగ్గి, మిగిలినవాళ్ల వేగం పెరిగేది. చివరి శత్రువు పరుగులు తీసేవాడు. ఆయన దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచారు, ఆటలోని ఉత్కంఠ అంతా అందులోనే పుట్టింది.

దీనికి ఎదురు అనుభవం నాకు నెట్ సెంటర్లోనే ఎదురైంది. కంప్యూటర్ మీద ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’లో ఫ్రేమ్ లిమిటర్ అని ఒక సెట్టింగు ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే గేము 25 ఫ్రేములు దాటదు. తీసేస్తే అంతా నున్నగా కదిలేది, మాకు పండగే. కానీ నీళ్లలో దూకితే ఆటలోని కథానాయకుడు సీజే ఈదలేక ఈదేవాడు. కదలికల లెక్కల్లో కొన్నింటిని ఫ్రేములతో ముడిపెట్టి రాశారు కాబట్టి ఫ్రేములు పెరిగితే ఆ లెక్కలు తప్పేవి. ఎక్కువ ఫ్రేములు వస్తే ప్రతి ఆటా దానంతట అదే మెరుగవుతుందన్న నమ్మకం నాకు ఆ రోజే పోయింది.

ఇక మీ ల్యాప్‌టాప్ సంగతి. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో ఉంది. పత్తి వచ్చే కాలంలో లోడుతో వెళ్లే బండ్ల నుంచి నూగు గాలిలో తేలుతూ ఇంట్లోకి వస్తుంది. రెండేళ్ల క్రితం మే నెలలో నా ల్యాప్‌టాప్ మొదటి పది నిమిషాలు 60 ఫ్రేములు ఇచ్చి తర్వాత 28కి పడిపోయేది. నా గది నేరుగా పైకప్పు కిందే ఉంటుంది, బయట 43 డిగ్రీలు. నేనూ కొత్తది కొనాలనే అనుకున్నాను. హనుమకొండ చౌరస్తా దగ్గర మరమ్మతు చేసే ఒకాయన వెనక మూత విప్పి నన్ను పిలిచి చూపించాడు. ఫ్యాన్ గాలి బయటికి పోయే సన్నటి రాగి రేకుల మీద దుమ్మూ నూగూ కలిసి కంబళి ముక్కలా పేరుకున్నాయి. పట్టకారుతో ఒక కొస పట్టి లాగితే మొత్తం ఒకే పొరగా ఊడివచ్చింది, బూడిద రంగులో, నా వేలంత మందంగా. ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద పూసే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది పూశాడు. వేడి పరిమితి దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అంతకు మించి అందులో ఏ జబ్బూ లేదు. ఆ సాయంత్రం నుంచి గంటసేపు ఆడినా 55 కిందికి దిగలేదు.

అప్పుడే ఆయన ఇంకో మాట చెప్పాడు. నా దాంట్లో 8 జీబీ ర్యామ్ ఒక్కటే ఉంది, పక్క గడి ఖాళీ. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నడిచే యంత్రాలు ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి, రెండు ముక్కలుంటే దారి రెండింతలవుతుంది. రెండోది వేయించాను, గేములో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడు వచ్చే కుదుపులు చాలావరకు పోయాయి. మీ దాంట్లో విడి కార్డు ఉంటే గేము దానిమీదే నడుస్తోందో లేదో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో చూడండి. ఛార్జర్ పెట్టి ఆడండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారితే చాలా ల్యాప్‌టాపులు కార్డు శక్తిని బాగా తగ్గించేస్తాయి, ఆ సమయంలో కనిపించే అంకెను బట్టి యంత్రాన్ని అంచనా వేయకూడదు.

తర్వాత ఫ్రేములకు హద్దు పెట్టండి. మీ తెర సెకనుకు 144 సార్లు మారుతుంది. 144ను 3తో భాగిస్తే 48, 4తో భాగిస్తే 36. ఫ్రేములు 48 దగ్గర నిలిస్తే ప్రతి బొమ్మా సరిగ్గా మూడు మార్పులపాటు తెర మీద ఉంటుంది, 36 దగ్గర నాలుగు. 45 దగ్గర ఊగుతుంటే ఒక బొమ్మ మూడుసార్లు, ఇంకోటి నాలుగుసార్లు నిలుస్తుంది. మీకు కనిపించే అతుకుల్లో కొంత దీని వల్లే కావచ్చు. తెర తన వేగాన్ని ఫ్రేములకు తగ్గట్టు మార్చుకోగల రకమైతే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. నీడలు, దూరపు దృశ్యాల వివరాలు ఒక మెట్టు దించి 48కి హద్దు పెట్టి చూడండి. నిలవకపోతే, కథ ఉన్న గేములకు 36 పెట్టి గంటసేపు ఆడండి, పది నిమిషాల్లో తీర్పు ఇవ్వకండి. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించితే గీయాల్సిన చుక్కలు సగం కంటే తక్కువవుతాయి. దానికంటే, తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను తెరకు తగ్గట్టు పెంచి చూపే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి సెట్టింగులు గేములో ఉంటే ముందు వాటిని వాడండి, బొమ్మ అంతగా చెడదు. మధ్యలో కల్పిత ఫ్రేములు చేర్చే సదుపాయాన్ని మాత్రం 40 నుంచి 80 చేసుకోవడానికి నమ్ముకోవద్దు. కంటికి నున్నగా కనిపిస్తుంది, మీట నొక్కాక జవాబు వచ్చే సమయం మాత్రం తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా.

మీ మిత్రులు ఫోనులో బీజీఎంఐ ఆడుతూ “ల్యాగ్” అనేది ఎక్కువగా నెట్‌వర్క్ ఆలస్యమే. శత్రువు ఉన్నచోటి నుంచి మాయమై ఇంకోచోట తేలుతూ, మీ కెమెరా మాత్రం నున్నగా తిరుగుతుంటే అది ఫ్రేముల సమస్య కాదు. దానికి ల్యాప్‌టాప్ మార్చినా ఫలితం ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని గేములు తడబడతాయి, అప్పుడు తప్పు మీ యంత్రానిది కాకపోవచ్చు. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే సోనీ దాన్ని తన స్టోరు నుంచే తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. మళ్లీ అమ్మకానికి వచ్చింది 2021 జూన్‌లో. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు సాఫీగా నడిచే ఆటను అడిగే హక్కు ఉంది, దాన్ని సణుగుడు అనేవాళ్లతో నేను ఏకీభవించను. కొత్త గేమును విడుదలైన రోజే కొనకుండా రెండు మూడు నెలలు ఆగితే సవరణలు వస్తాయి, చాలాసార్లు ధర కూడా తగ్గుతుంది.

ఫ్రేమ్ టైమ్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు పట్టే సమయాన్ని, గీతగా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని, మీరు ఎక్కువగా ఆడే గేమును అరగంట ఆడుతూ ఆ గీతను గమనించండి. గీత చదునుగా ఉంటే మీ ల్యాప్‌టాప్‌కు ఇంకా ఆయుష్షు ఉంది. మొదట చదునుగా ఉండి పావుగంట తర్వాత పైకి లేస్తే అది వేడి. మొదటి నుంచీ ముళ్లలా లేస్తుంటే ర్యామ్, హార్డ్ డిస్క్, వెనక నడిచే డౌన్‌లోడ్లు చూడాలి. అన్నీ సరిచేశాక కూడా మీకు నచ్చిన గేముల్లో 36 ఫ్రేములకు హద్దు పెట్టినా గీత చదునుగా నిలవకపోతే అప్పుడు నాన్నతో మాట్లాడండి, ఆ గీత ఫొటో తీసి ఆయనకే చూపించండి. అంతకంటే ముందు, మార్చి దాటకుండా, ఆ ఫ్యాన్ శుభ్రం చేయించండి.