స్పీకర్ వినపడని బెంచీ

కర్నూలు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. పోయినసారి ఆటల పార్కుకు వెళ్లి, అంతంత డబ్బు పోసి టికెట్లు కొని, పన్నెండున్నరకే వెనక్కి తిరిగారట. పాప రెండు చేతులతో చెవులు మూసుకుని ఒకటే ఏడుపట. మీ అమ్మకు మోకాళ్లు. కోడలు "ఇంక పార్కు మాట ఎత్తితే చూడండి" అందట. అయినా నువ్వు సంక్రాంతి సెలవులకు మళ్లీ ప్లాన్ వేస్తున్నావు. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగానికి "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే పార్కులో గోల లేని చోటు ఎట్లా వెతుక్కోవాలో రాసి పంపుతున్నాను. పారేయకుండా దాచుకో.

నేను డ్రిల్లు టీచరుగా చేసిన ఇరవై ఏడేళ్లలో ఎక్స్‌కర్షన్ ఎప్పుడూ నా నెత్తినే పడేది. లెక్కల మాస్టారుకు సిలబస్ కావాలి, సైన్సు టీచరుకు చిన్నపిల్లలున్నారు, విజిల్ ఉన్న మనిషిని నేనే కదా! ఒక ఏడాది ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పెద్ద పార్కుకు తీసుకెళ్లాను. మూడు గంటలకు వరస నిలబెట్టి లెక్క పెడితే ఒకడు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను, అప్పుడూ తక్కువే. నా గుండె జారిపోయింది. మైకులో పేరు చెప్పించాం, నీళ్ల ఆటల దగ్గర వెతికాం, బాత్‌రూములన్నీ చూశాం. నలభై నిమిషాల తర్వాత క్యాంటీను వెనక, మొక్కలు పెంచే నర్సరీ పక్కన మెట్ల మీద దొరికాడు. ఒళ్లో చెనిక్కాయల ఉండ పెట్టుకుని, తోటమాలి పైపుతో కుండీలకు నీళ్లు పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కొట్టబోయి ఆగాను. వాడు తల ఎత్తి, "మేడం, ఇక్కడ చల్లగా ఉంది. మైకు కూడా వినపడదు" అన్నాడు. నిజమే. నలభై నిమిషాలు వాడి పేరు అరిచిన మైకు వాడికి వినపడనే లేదు.

ఆ రోజు వాడితో గుంజీళ్లు తీయించాను. కానీ ఆ తర్వాత ఏ పార్కుకు వెళ్లినా నేను ముందు చూసేది తోటమాలి పైపు ఎటు పోతోందా అని. పైపు పోయే చోట చెట్లుంటాయి, నీడుంటుంది, ఆటల మిషన్లుండవు. అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడ కూర్చుని అన్నం తింటారో కూడా చూడు. పొద్దస్తమానం ఆ గోలలో ఉండేవాళ్లు గోల లేని చోటు చూసుకోకుండా ఉంటారా? ఊడ్చే ఆమెను "అమ్మా, చంటిపిల్లతో కాసేపు కూర్చోవాలి, ఎక్కడ బాగుంటుంది?" అని అడుగు. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అబ్బాయి మ్యాపు చూపిస్తాడు. ఊడ్చే ఆమె చోటు చూపిస్తుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలన్న మాట. అనంతపురం నుంచి మీకు బెంగళూరు వైపు బిడదిలో ఉన్న వండర్‌లా దగ్గరే, అది నాకూ తెలుసు. 2005లో తెరిచారు, 82 ఎకరాలు. పెద్దదే, ఆటలు బాగుంటాయి. కానీ మీ పాపకు ఇప్పుడే వద్దంటాను. అక్కడికి వచ్చేవాళ్లంతా ఆటల కోసం, నీళ్ల కోసం వస్తారు. అరుపులే అక్కడి సంతోషం. రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. 1996 నుంచి ఉంది, మొత్తం 1,666 ఎకరాలంటారు. అంతా మనకు చూపించరనుకో. అయినా ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య బస్సులో తిప్పుతారు. ఆ బస్సు ప్రయాణమే పాపకు ఊపిరి తీసుకునే టైం. పైగా పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, బోన్సాయ్ చెట్లు ఉన్నాయి. ఆటల పిచ్చి ఉన్న కుర్రకారు వాటి ముందు నుంచి నడిచిపోతారే తప్ప ఆగరు. మీ అమ్మకూ అవే నచ్చుతాయి, రాసిపెట్టుకో.

సంక్రాంతి సెలవుల్లో మాత్రం వద్దు నాయనా. ఆంధ్రా, తెలంగాణ రెండూ అక్కడే ఉంటాయి. డిసెంబరులో అయితే ఆదివారం కాదు కదా అని మంగళవారం వెళ్లినా లాభం లేదు. అప్పుడు నాలాంటి డ్రిల్లు టీచర్లందరూ బస్సులు వేసుకుని అక్కడే దిగుతారు. విజిళ్లే విజిళ్లు! సంక్రాంతి అయ్యి బడులు తెరిచిన వారంలో, 26వ తేదీ జోలికి పోకుండా, మామూలు రోజు చూసుకో. పాప ఒకటో తరగతి. రెండు రోజులు బడి మానేస్తే కలెక్టరు ఉద్యోగమేమీ పోదు. టీచరునై ఉండి చెప్తున్నాను.

ముందురోజు మధ్యాహ్నానికే మా ఇంటికి వచ్చేయండి. సాయంత్రం ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు తీసుకెళ్తాను. నంద్యాల రోడ్డులో పాతిక కిలోమీటర్ల లోపే. రాళ్లు చూడటానికే అనుకోవద్దు, మనకది రిహార్సల్. అక్కడ జనమంతా పడవల దగ్గర, హోటలు దగ్గర గుమిగూడతారు. ఇంకో బాటలో కాస్త నడిచి రాళ్ల మలుపు తిరిగితే చాలు, అరుపులు సగానికి సగం తగ్గిపోతాయి. ఆ తేడా పాపకు చెవులతో వినిపించాలి. "ఇక్కడ ఎట్లుంది? అక్కడ ఎట్లుంది?" అని అడుగుతూ నడుద్దాం. ఒకసారి పట్టుకుందంటే రేపు పార్కులో చోటు తనే వెతుకుతుంది, మనం వెతకక్కర్లేదు.

గుంపును పోనిచ్చి ఆగే విద్య మాత్రం నేను నేర్చుకుంది బెలుం గుహల్లో. 2002లో జనానికి తెరిచారు కదా, ఆ తర్వాత మా బడి పిల్లల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. మొత్తం గుహ 3,229 మీటర్లు. అందులో మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరే, అందరూ ఆ ఒక్క దారిలోనే నడవాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ముందు నలభై మంది, వెనక నలభై మంది. ఉక్కపోత, సెల్ఫోన్ పాటలు, "ఓయ్" అని అరిచి ప్రతిధ్వని వింటున్న కుర్రాళ్లు. ఒక మలుపు దగ్గర ఒక పిల్లకు చెప్పు తెగి ఆగిపోయాం. ముందు గుంపు ముందుకు పోయింది, వెనక గుంపును పక్కకు జరిగి పోనిచ్చాం. చెప్పుకు పిన్నీసు పెట్టి తలెత్తేసరికి ఎవరూ లేరు. ఎక్కడో నీటిబొట్టు రాలే చప్పుడు, గాలి పంపే మిషను హోరు, అంతే. ఐదు నిమిషాలుంటుందేమో, తర్వాత ఇంకో గుంపు వచ్చింది. చోటు అదే, దారి అదే.

పార్కులోనూ అదే చెయ్యి. గుంపు వస్తే దానితో పోటీపడి ముందుకు పరిగెత్తొద్దు. పక్కన ఆగి పోనివ్వు. గేటు దాటగానే మొదట కనపడేదాని దగ్గర అందరూ ఆగుతారు, ఫొటోలు దిగుతారు. మీరు ఆగకుండా చివరిదాకా నడిచి అక్కణ్నుంచి వెనక్కి రండి. ఫిల్మ్ సిటీలో బస్సు ఎటు తిప్పితే అటే కాబట్టి, దిగేముందు గైడును ఒక మాట అడుగు, "మేము నిదానంగా చూసి తర్వాత వచ్చే బస్సు ఎక్కొచ్చా?" అని. ఒప్పుకుంటే ఒక బస్సును వదిలేయండి. మనం దిగిన గుంపు వెళ్లిపోయి తర్వాతిది వచ్చేలోపు ఆ తోట మీదే.

షోల టైములు గేటు దగ్గరే తెలుసుకో. షో మొదలయ్యాక బయట దారులు ఖాళీ అవుతాయి. అందరూ లోపల చప్పట్లు కొడుతున్నప్పుడు మీ అమ్మ తాపీగా నడవొచ్చు, పాప ఖాళీగా ఉన్న ఉయ్యాల ఊగొచ్చు. షో వదిలే టైముకు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండొద్దు. సినిమా హాలు వదిలినట్టే ఉంటుంది. తిండి పదకొండున్నరకే కానివ్వండి, లేదంటే రెండున్నర దాకా ఆగండి. ఒంటిగంటకు క్యాంటీనులో ప్లేట్ల చప్పుడుకే పాపకు టెన్షన్ వస్తుంది.

నీడ సంగతి చెప్పకపోతే డ్రిల్లు టీచరు పేరు చెడుతుంది. బెంచీ ఖాళీగా ఉందని సంబరపడి కూర్చోబెడతారు, పావుగంటలో ఎండ నెత్తి మీదికొస్తుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపుకు వాలి తిరుగుతాడు. కాబట్టి పెద్ద కట్టడం ఏదైనా సరే, దాని ఉత్తరం గోడ పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడే. గ్రౌండులో పిల్లల్ని కూర్చోబెట్టి కూర్చోబెట్టి నేర్చుకున్నదిది. ఫోనులో దిక్కులు చూపించే యాప్ ఉందిగా, ఒకసారైనా పనికొచ్చే పనికి వాడు.

తర్వాత స్పీకర్లు. ఎవరూ తలెత్తి చూడరు. పార్కుల్లో పాటలొచ్చే స్పీకర్లు స్తంభాల మీదుంటాయి, కొన్ని చోట్ల పొదల్లో రాళ్లలాగా చేసి పెడతారు. దాని మూతి ఎటుందో చూడు. వెనక వైపు పోతే చప్పుడు బాగా తగ్గుతుంది, మధ్యలో గోడ అడ్డముంటే ఇంకా తగ్గుతుంది. పాపకు పూర్తి నిశ్శబ్దం కావాలని మాత్రం అనుకోవద్దు. నేను చూసినంతలో ఇలాంటి పిల్లలు భయపడేది చప్పుడుకు కాదు, ఉన్నట్టుండి వచ్చే చప్పుడుకు. ఒకే తీరుగా పారే నీళ్ల దగ్గర, ఫౌంటెన్ పక్కన, వాళ్లు హాయిగా కూర్చుంటారు. ఆ హోరు దూరంగా వచ్చే అరుపుల్ని మింగేస్తుంది. మొన్న మీ ఇంట్లో చూశాను కదా, మిక్సీ వేస్తే ఏడ్చిన పిల్ల వానకు కిటికీ దగ్గర కూర్చుని ఆడుకుంది.

పాపతో ఒక గుర్తు పెట్టుకోండి. నోటితో చెప్పమంటే ఆ గోలలో చెప్పలేదు. నీ అరచేతిని రెండుసార్లు నొక్కితే "పోదాం" అని అర్థం. నొక్కిందంటే ఎంత క్యూలో ఉన్నా బయటికి వచ్చేయాలి. "ఇంకో ఐదు నిమిషాలు, మన వంతు వచ్చేస్తుంది" అన్నావో, ఇంక ఆ గుర్తు పనిచేయదు. క్యూలో గంట పోయినా పోనీ.

ఒక మాట గట్టిగా చెప్తాను. మరీ మూలకున్న చోట్లు నాకు ఇష్టం లేదు. చైను కట్టి ఉంటే దాటొద్దు, ఆటల మిషన్ల వెనక్కి పోవద్దు, "స్టాఫ్ మాత్రమే" అన్న తలుపు తీసి ఉన్నా సరే వద్దు. నేనొకసారి చల్లగా ఉందని ఒక ఖాళీ షెడ్డులో పిల్లల్ని కూర్చోబెట్టాను. సెక్యూరిటీ ఆయన వచ్చి నా మీదే విజిల్ ఊదాడు, పిల్లలందరూ పడీపడీ నవ్వారు. పైన ఏదో మరమ్మతు జరుగుతోందట. మీ అమ్మ ఒక్కతే కూర్చునే చోటు దారిలో పోయేవాళ్లకు కనపడాలి, బాత్‌రూము నూరు అడుగుల్లో ఉండాలి, ఫోను సిగ్నల్ ఉండాలి. అంతకన్నా దాగి ఉన్నది మనకు అక్కర్లేదు. గేటు దగ్గర వీల్‌చైర్ అడుగు. వద్దంటుంది, నామోషీ. "పాపను కూర్చోబెట్టుకోవడానికి" అని చెప్పు, కూర్చుంటుంది.

గండికోట కూడా చూపిస్తానన్నావట. అక్కడ మాత్రం ఈ పాఠమంతా మర్చిపో. లోయ అంచున జనం లేని రాయి వెతుక్కుంటూ పోయే చోటు కాదది. కింద పెన్నా ఎంత లోతులో ఉందో చూశావుగా. పాప చెయ్యి వదలొద్దు. సాయంత్రం అందరూ లోయ వైపు పోయాక మాధవరాయ గుడి ఆవరణలో కూర్చోండి. నేను వెళ్లిన రోజు అక్కడ నేను, రెండు చిలకలు తప్ప ఎవరూ లేరు.

ఫిల్మ్ సిటీకి మా ఇంటి నుంచి నాలుగు గంటల పైనే పడుతుంది. ఐదుకల్లా బయల్దేరాలి. ఉగ్గాని చేసి డబ్బాలో పెడతాను, దారిలోనే తినేయండి, బయటి తిండి లోపలికి రానివ్వరు. మీ అమ్మను మోకాలి పట్టీ తెచ్చుకోమను, పోయినసారి నాది తీసుకుపోయి ఇంతవరకూ ఇవ్వలేదు. వెనక్కి వచ్చేటప్పుడు పుల్లూరు టోల్ దగ్గర ఫోన్ చెయ్యి, సంగటి వేడిగా ఉండాలంటే నాకు అరగంట టైం కావాలి.

మీ పెద్దమ్మ