డిస్పెన్సింగ్ ఆప్టీషియన్ పనికి ఏమేం రావాలి?

డిస్పెన్సింగ్ ఆప్టీషియన్‌కు, అంటే చీటీ ప్రకారం కళ్ళజోడు కుదిర్చి ఇచ్చేవారికి, పవర్ లెక్కలు వస్తే చాలా, అమ్మే నేర్పు కూడా ఉండాలా అని అడిగారు. రెండూ కావాలి గానీ, పని నిలబడేది కొలతల మీద. చీటీలో పవర్ సరిగ్గానే ఉంటుంది, అద్దాలూ అదే పవర్‌తో వస్తాయి, అయినా పెట్టుకోగానే తల తిరుగుతోందంటారు. అప్పుడు మొదట అనుమానించాల్సింది మన కొలతనే.

పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, స్కేలుతో తీస్తుంటే ఎదుటివారి కళ్ళ ఎత్తులోనే, సుమారు 40 సెం.మీ. దూరంలో కూర్చోండి. మీ కుడి కన్ను మూసి, మీ ఎడమ కంటిలోకి చూడమని చెప్పి, వాళ్ళ కుడి పాప నడిమధ్యన సున్నా పెట్టండి. స్కేలు కదపకుండా ఈసారి ఎడమ కన్ను మూసి, మీ కుడి కంటిలోకి చూడమనండి. వాళ్ళ ఎడమ పాప దగ్గర కనిపించే అంకె పీడీ. ముక్కు మధ్య నుంచి ఏ కంటికాకన్ను విడిగా కూడా రాసుకోవాలి. 31, 33 ఉన్న మనిషికి 64ను సగం చేసి 32, 32 వేస్తే ప్రోగ్రెసివ్‌లో, అంటే దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించేలా చేసినదాంట్లో, చదివే భాగం పక్కకు పోతుంది.

మైనస్ 6 పవర్‌లో అద్దం కేంద్రం 3 మి.మీ., అంటే 0.3 సెం.మీ. తప్పితే 0.3 × 6 = 1.8 ప్రిజం పడుతుంది; ప్రిజం అంటే చూసేది పక్కకు జరిగినట్టు కనిపించేలా వెలుగు వంగడం. మైనస్ 1లో అదే తప్పు 0.3 మాత్రమే, చాలామంది గుర్తించరు కూడా. అందుకే పవర్ పెరిగేకొద్దీ చేతికి కాస్త భయం ఉండాలి.

కొత్తవాళ్ళు తలకిందులు చేసేది ఒకటుంది: ముందు ప్రోగ్రెసివ్ ఎత్తు మార్కు (అద్దం మీద కంటిపాప ఎంత ఎత్తులో వస్తుందో చూపే గుర్తు) పెట్టేసి, డెలివరీ రోజున ఫ్రేమ్ సర్దుతారు. ముక్కు ప్యాడ్లు దగ్గరికి నొక్కితే ఫ్రేమ్ పైకి లేస్తుంది, ఎడం చేస్తే కిందికి దిగుతుంది, దాంతోపాటే మార్కూ కదులుతుంది. మార్కు పైకి పోతే దూరం చూడటానికి గడ్డం దించుకోవాలి, కిందికి పోతే చదవడానికి ఎత్తాలి. ముందు ఫ్రేమ్ కుదర్చండి, తర్వాతే మార్కు.

కాడలు వంచడం వింతగా అనిపిస్తుంది. ఒక అద్దం ముఖానికి దగ్గరగా ఉంటే ఆ వైపు కాడను లోపలికి వంచాలి, ఎడంగా ఉంటే బయటికి. ఒక వైపు ఎత్తుగా ఉంటే ఆ కాడనే పైకి వంచాలి. ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేమ్‌ను వేడి చేయకుండా వంచితే విరగొచ్చు. వేడిగాలి అద్దానికి ఎక్కువ తగిలిందా, కోటింగ్ మీద సన్నని పగుళ్ళు వస్తాయి.

ఇక అమ్మకం. ఎక్కువ మైనస్ ఉన్నవారికి పెద్ద ఫ్రేమ్ నచ్చినా, అంచు ఎంత మందం వస్తుందో ముందే చెప్పండి.

ఫిర్యాదుతో వచ్చినవారి జోడు వెంటనే చేతిలోకి తీసుకోకండి. ముఖం మీద ఉండగానే పక్క నుంచి, ఎదురుగా చూసి, ఆ తర్వాతే అద్దం పవర్ కొలిచే లెన్సోమీటర్ కింద పెట్టండి. పాత జోడు కూడా తెప్పించి దాని పవర్, కేంద్రం కొలిస్తే, ఏది మారిందో అక్కడే బయటపడుతుంది.