రెండు దారుల్లోనూ పందెం ఉంది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మా అమ్మాయి ఈ ఏడాది మైక్రోబయాలజీ సబ్జెక్టుతో బీఎస్సీ పూర్తి చేసింది. కొచ్చిలో ఆహార పదార్థాలను పరీక్షించే ఒక ల్యాబ్‌లో ఏడాది కాంట్రాక్టు మీద, నెలకు 21 వేల జీతానికి ఉద్యోగం వచ్చింది. తాను వెళ్తానంటోంది. మా వారు మాత్రం బీఈడీ చేయించి డీఎస్సీ రాయిద్దామంటున్నారు. లీజుకు తీసుకున్న గుంటల్లో మేము అప్పు తెచ్చి వేసిన రొయ్యలు వరుసగా రెండు పంటలు పోయాయి. ఆ అప్పు నిరుడే తీరింది. ఇక మన ఇంట్లో పందేలు వద్దన్నది ఆయన మాట. పదిహేను రోజుల్లో వాళ్ళకు జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, రెండు పంటలు పోగొట్టుకుని, అప్పు తీర్చి తేరుకున్న మనిషి పందెం వద్దనడాన్ని నేను పిరికితనం అనుకోను. ఆ జాగ్రత్తను గౌరవిస్తూనే ఒక విషయం ఆయన ముందుంచాలి. బీఈడీ, డీఎస్సీ దారిలో పందెం లేదని ఆయన అనుకుంటున్నారు. ఉంది, అది చిన్నదేమీ కాదు.

2018 డీఎస్సీ తరువాత నియామకాల దాకా వెళ్ళిన తదుపరి డీఎస్సీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన మెగా డీఎస్సీయే. మధ్యలో 2024లో ఒక నోటిఫికేషన్ వెలువడినా అది రద్దయింది. 2025లో ప్రకటించిన పోస్టులు 16,347; దరఖాస్తు చేసినవారు మూడు లక్షల పైచిలుకు. ఆ పోస్టులను జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా, రిజర్వేషన్ల వారీగా విడదీస్తే ఒక జిల్లాలో జీవశాస్త్రం ఉపాధ్యాయ పోస్టులకు మిగిలేది చాలా తక్కువ. 2019 ప్రాంతంలో బీఈడీ పూర్తి చేసినవారు ఆరేళ్ళ పాటు ప్రైవేటు పాఠశాలల్లో పని చేస్తూనో, కోచింగ్ సెంటర్లలో కూర్చునో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడవలసి వచ్చింది. బీఈడీకి రెండేళ్ళు, ఆపైన టెట్, ఆపైన ఎప్పుడు వస్తుందో తెలియని నోటిఫికేషన్. ఇంత కాలాన్ని ఒకే పరీక్ష మీద పెట్టడాన్ని నిలకడ అని పిలవడం మనకు అలవాటైపోయింది. ఉపాధ్యాయ వృత్తిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మీ అమ్మాయికి పాఠం చెప్పడం మీద నిజంగా మక్కువ ఉంటే నా సలహా వేరుగా ఉండేది. అయితే మీ ఉత్తరంలో ఆ ఊసు ఎక్కడా లేదు.

మీ వారికి బాగా తెలిసిన గుంటల లెక్కనే తీసుకుందాం. ఆ రెండు పంటల్లో దెబ్బ తీసింది రొయ్య అనుకుంటే సగమే నిజం. లీజు, సీడు (రొయ్య పిల్లలు), మేత అన్నీ అప్పు మీద నడిచాయి కాబట్టి, రోగం తగిలినా ధర పడిపోయినా తట్టుకునే వీలు లేకుండా పోయింది. అదే విడవలూరు తీరంలో చేతి డబ్బుతో ఒక గుంటలో మాత్రమే పిల్లను వదిలిన రైతుకు పంట పోతే ఆ పంటే పోతుంది, ఇల్లు పోదు. అవకాశం తీసుకోవడంలో అసలు ప్రశ్న ఇదే. ఎంత గెలుస్తామన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. ఓడితే ఎంత పోతుందో మాత్రం చాలావరకు ముందుగానే లెక్క వేసుకోవచ్చు.

కొచ్చి ఉద్యోగానికి ఆ లెక్క వేయండి. పోయేది ఏడాది కాలం. హాస్టలు, భోజనం, ప్రయాణాలు జీతంలోనే సరిపోవాలి. మొదటి రెండు నెలలు అడ్వాన్సులకూ సామాన్లకూ ఇంటి నుంచి కొంత పంపవలసి రావచ్చు. అప్పు చేయవలసిన పని లేదు. పైగా వెనక దారి మూసుకుపోదు. 2025 డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకు సైతం వయోపరిమితి 44 ఏళ్ళు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఏటా జరుగుతుంది. ఏడాది తరువాత ఆ పని నచ్చకపోతే వచ్చే ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరడానికి ఆమెను ఆపేది ఏమీ ఉండదు. ఈ రెంటినీ తలకిందులు చేసి చూడండి. రెండేళ్ళ బీఈడీ తరువాత, డిగ్రీ ముగిసి ఖాళీ వచ్చిన అభ్యర్థిగా ల్యాబ్ ఉద్యోగం వెతుక్కోవడం ఇప్పటి కంటే కష్టమవుతుంది. ముందు వెళ్ళి వెనక్కి రాగలిగిన దారిని ముందుగా చూడడంలో ఉన్న తెలివి ఇదే.

గెలుపు వైపు ఏముందో కూడా చెప్పాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే ఎంపెడా ప్రధాన కార్యాలయం కొచ్చిలోనే ఉంది. మత్స్య సాంకేతిక పరిశోధన చేసే సీఐఎఫ్‌టీ, సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సుగంధ ద్రవ్యాల బోర్డు, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. ఐరోపాకు వెళ్ళే రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల ఆనవాళ్ళు ఉన్నాయా, సాల్మొనెల్లా ఉందా అని చూసే పరీక్షల మీదే కంటైనరు కదలడం, కదలకపోవడం ఆధారపడుతుంది. మన తీరంలో రొయ్య పిల్లలను పుట్టించే హ్యాచరీలకూ సీడు అమ్మే ముందు తెల్లమచ్చ రోగానికి పీసీఆర్ పరీక్ష (రోగక్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కావాలి. అంటే మీ అమ్మాయి కొచ్చిలో నేర్చుకునే పని నెల్లూరు జిల్లాలోనూ అవసరమైనదే. ఇక్కడి ప్రాసెసింగ్ ప్లాంట్లకు, హ్యాచరీలకు అనుభవం ఉన్న మనిషిగా తిరిగి రావడానికి వీలుంటుంది.

ఇంకొంచెం దూరం చూస్తే, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు మైక్రోబయాలజీ డిగ్రీ అర్హతల్లో ఒకటి. ఫుడ్ ఎనలిస్ట్ కావాలంటే సంబంధిత పీజీతో పాటు ఆహార పరీక్షల్లో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండి, పరీక్ష నెగ్గాలి. పీజీకి ముందు చేసిన ఏడాది ఆ మూడేళ్ళ లెక్కలోకి వస్తుందో లేదో మాత్రం నిబంధనల్లో చూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగమే కావాలని మీ వారు అనుకుంటే, ఆ గమ్యానికి డీఎస్సీ ఒక్కటే బస్సు కాదని చెప్పండి.

ఈ రంగంలో ఒడిదొడుకులు లేవని నేను అనను. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ భారతదేశపు సరుకులపై సుంకం 50 శాతానికి చేరినప్పుడు మన జిల్లా రైతుకు తగిలిన దెబ్బ మీకు నా కంటే బాగా తెలుసు. అందువల్ల ఆమె చేరబోయే ల్యాబ్ రొయ్యలనే పరీక్షిస్తుందా, లేక మిరప, పాలు, నీరు, మసాలా దినుసుల నమూనాలు కూడా తీసుకుంటుందా అని అడగండి. రెండో రకమైతే పని ఆగిపోయే భయం తక్కువ.

ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితంలో ఇలాంటి మలుపులు రెండున్నాయి. మొదటిది ఒక తల్లికి సంబంధించినది. తండ్రి పోయిన తరువాత ఆ తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. మాస్టారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకువెళ్తే, ఆ కుర్రవాడి చదువు అక్కడ సాగింది. రెండోది ఆయన సొంత నిర్ణయం. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరూ డబ్బూ సంపాదిస్తున్నప్పటికీ ఆ అర్హతతో హైకోర్టులో వాదించడానికి వీలు లేదు. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఆయన సాహసం ఒక్కటే కాదు. ఆ సాహసం వెనక, బారిస్టరు చదువు కుదరకపోయినా తిరిగి వచ్చి కూర్చోగల వృత్తి ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. 1921లో సహాయ నిరాకరణ ఉద్యమం కోసం ఆ ప్రాక్టీసునే వదులుకోవడం వేరే కోవకు చెందిన నిర్ణయం. దానిని కెరీర్ సలహాగా ఎవరికీ చెప్పలేం.

నెల్లూరులో పెరిగిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారిది కూడా ఇలాంటి సంగతే. మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజినీరింగ్ కోర్సు చదువుతూనే పాటల పోటీలకు వెళ్ళేవారు. సంగీత దర్శకుడు కోదండపాణిగారి దృష్టిలో పడి 1966లో సినిమాకు పాడారు. పోటీకి వెళ్ళడం వల్ల పోయేది ఒక సాయంత్రమే. ఇలాంటి కథలు చెప్పుకునేటప్పుడు నేను ఒక జాగ్రత్త కూడా చెబుతుంటాను. గెలిచినవారి కథలే మన చెవిన పడతాయి, పోటీకి వెళ్ళి తిరిగి వచ్చినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి గొప్పవారి ఉదాహరణ చూపించి మీ అమ్మాయి కూడా అంతటిది అవుతుందని మీకు మాట ఇవ్వను. పోయేది తక్కువై, నేర్చుకునేది ఎక్కువైన అవకాశాలను తరచుగా తీసుకునేవారికి మలుపు తిరిగే సందర్భాలు ఎక్కువ ఎదురవుతాయన్నంత వరకే నా నమ్మకం.

నా సలహా కొచ్చి వైపే. అయితే నాలుగు సంగతులు తేలిన తరువాతే. నియామక పత్రంలో జీతం, పీఎఫ్, పని గంటలు, ఏడాది ముగిశాక అనుభవ ధ్రువపత్రం ఇస్తారన్న మాట రాసి ఉండాలి. ఆ ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేని ల్యాబ్‌లో ఏడాది చేసినా ఆ అనుభవానికి బయట విలువ తక్కువ. ఆమెకు నమూనాలు నమోదు చేసే పని మాత్రమే ఇస్తారా, లేక యంత్రాల మీద పరీక్షలు చేయనిస్తారా అన్నది ఫోనులో సూటిగా అడగాలి. ఏడాదిలోపు మానేస్తే డబ్బు కట్టాలన్న బాండు ఏదైనా ఉంటే, ఆ మొత్తం మీరు భరించగలిగేదేనా అని చూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా వద్దని చెప్పేయండి. విశాఖలోనూ, చెన్నైలోనూ, మన జిల్లాలోనూ ఇలాంటి పని వెతకవచ్చు.

మీ వారితో ఏడాది గడువు మాట ఇప్పుడే మాట్లాడుకోండి. వచ్చే ఎడ్‌సెట్ దరఖాస్తుల నాటికి ముగ్గురూ కూర్చుని, ఆమె ఏం నేర్చుకుంది, కాంట్రాక్టు పొడిగిస్తున్నారా, పని మీద ఇష్టం పెరిగిందా తగ్గిందా అని చూసి, అప్పుడు బీఈడీ మాట తేల్చుకోవచ్చు. ఈలోగా ఆమె డిగ్రీలో చదివిన సబ్జెక్టులు జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు సరిపోతాయో లేదో 2025 నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టికలో సరిచూడండి. సరిపోకపోతే బీఈడీ ప్రస్తావనే మారిపోతుంది. చేరే రోజున వీలైతే మీ వారినే వెంట పంపండి. ల్యాబ్‌నూ హాస్టల్‌నూ ఆయన కళ్ళతో చూసి వస్తే ఇంట్లో సగం వాదన తగ్గుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించి వెంటనే వెనక్కి తీసుకోమనండి. తమ దగ్గర ఉంచుకుంటామంటే ఆ ఉద్యోగంలో చేరవద్దు.