హాలు తాళంచెవి నీ చేతికొచ్చింది కాబట్టి

చెల్లెమ్మా,

కాలనీ సంఘం కార్యదర్శిగా నిన్ను ఎన్నుకున్నారని తెలిసి చాలా సంతోషం. కమ్యూనిటీ హాలు చూసుకునే పని కూడా నీదేనట కదా, అందుకే ఈ ఉత్తరం.

అద్దె పెంచాలా, ఏసీలు పెట్టించాలా అనే చర్చ ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు కాగితాలు తీయించు. స్థలం మున్సిపాలిటీదా, సంఘానిదా? కట్టింది ఎంపీ నిధులతోనా, ఇంటింటి చందాలతోనా? శిలాఫలకం మీద పేరుంది కదా అని ఆ నాయకుడి మనుషులకు ఎప్పుడడిగితే అప్పుడు ఉచితంగా ఇచ్చేయాలని ఎక్కడా లేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట ఫలానా కులం వాళ్లకు ఇవ్వం అనడం రాజ్యాంగం 15వ అధికరణానికే విరుద్ధం, ఎవరైనా డొంకతిరుగుడుగా ఆ మాట తెచ్చినా నువ్వు మొహమాటపడకుండా అక్కడే ఆపేయి.

మీటింగులో గట్టిగా మాట్లాడేవాళ్లు వేరు, హాలును రోజూ వాడుకునేవాళ్లు వేరు. పొద్దున యోగాకి వచ్చే పెద్దవాళ్లు, పొదుపు సంఘం ఆడవాళ్లు, సాయంత్రం ట్యూషన్ పిల్లలు జనరల్ బాడీలో నోరు విప్పరు. వాళ్లలో చాలామంది అద్దె ఇళ్లవాళ్లు, అసలు సభ్యులే కారు. వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లాలి. పెళ్లిళ్ల అద్దెతోనే కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం గడుస్తాయి, అది నిజమే, కానీ ముహూర్తం ఉన్నప్పుడల్లా వీళ్లను బయటికి పంపేస్తే అది ఫంక్షన్ హాలు అయిపోతుంది. అందుకని వాళ్లకు వారంలో కొన్ని పూటలు ఖాయం చేసి, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించు, లేకపోతే రేపు కమిటీ మారగానే పోతుంది.

పెద్ద గొడవ ఒకటి వస్తుంది, పెద్దకర్మకు హాలు ఇవ్వాలా వద్దా అని. పెళ్లిళ్లు జరిగే చోట కర్మలేంటి అని కొందరు పట్టుబడతారు. నా మాట మాత్రం ఇవ్వాలనే. రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు చుట్టాలందర్నీ ఎక్కడ కూర్చోబెడతారు? అభ్యంతరం చెప్పేవాళ్ల ఇళ్లకు వెళ్లి విడివిడిగా మాట్లాడు, మీటింగులో ఓటింగ్ పెట్టి వాళ్లను ఓడించకు.

గోడ పక్కింటివాళ్లను మాత్రం మరిచిపోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదు. మూసి ఉన్న కమ్యూనిటీ హాలుకు మినహాయింపు ఉందిగా అని డీజే వాళ్లు వాదిస్తారు. ఉంది, కానీ అది లోపలివాళ్లకు వినపడటం కోసం, బయట షామియానా కింద బాక్సులు పెట్టి వీధంతా మోగించడానికి కాదు. ఈ షరతు బుకింగ్ రసీదు మీదే అచ్చువేయించి, అడ్వాన్సులో కొంత దానికి లింకు పెట్టు.

లెక్కలు నెలనెలా హాలు గోడకు అంటించు, పెద్ద అక్షరాల్లో. వాచ్‌మన్‌ను కూడా కమిటీ మీటింగులో కూర్చోబెట్టు, ఏ ట్యాపు కారుతోందో, ఎవరు తాళం తిరిగివ్వలేదో ముందుగా తెలిసేది అతనికే.

ఉంటాను,
మీ అన్నయ్య